చెరెవా తిరిగిన వైపు

చెరెవాను మా ఊళ్ళో ఎవరూ చూసేవారు కారు. కోపంతో అంటున్న మాట కాదిది, ఉన్న సంగతి. కుమాసీ పట్నం వెళ్ళే లారీలు ఆగే మలుపులో ఆమె ఇరవై ఆరేళ్ళు బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని అరటికాయలు కాల్చి అమ్మింది. కొన్నవాళ్ళు వేరుశెనగలు సరిగ్గా వేసిందా లేదా అని పొట్లం వంక చూసేవారే గాని ఆమె ముఖం వంక చూసేవారు కారు. ఉమ్మడి ఇంట్లో వాకిలి చుట్టూ పదకొండు గదులుంటే చివరి గది ఆమెది. ఒకసారి ఆ ఇంటి పిల్లలు దాగుడుమూతలు ఆడుతూ ఆమె గది తలుపు తోసి, ఆమె మూల పీట మీద కూర్చుని ఉండగానే, "ఇక్కడెవరూ లేర్రా" అని అరిచి వెళ్ళిపోయారు. చెరెవా కిక్కురుమనలేదు. ఉన్నానని చెప్పుకోవడం ఆమెకు చేతకాదు.

మనిషి పొట్టి. భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాయి. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదంటే ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అడగాలని ఎవరికీ తోచలేదు.

అదే చెరెవా శనివారం మధ్యాహ్నం చావింటి ముందు, డప్పుల ఎదుట నిలబడితే మాత్రం ఊరు ఊరంతా కళ్ళప్పగించేది. మా దగ్గర చావంటే అడోవా ఆట ఉండాల్సిందే. ఆడవాళ్ళు ఒకరి తరువాత ఒకరు బరిలోకి దిగుతారు. కాళ్ళు డప్పు చెప్పినట్టు వింటాయి, చేతులు మాట్లాడతాయి. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటే 'నా మీద పిడుగు పడింది' అని. కడుపు పట్టుకుంటే 'కన్నకడుపు కాలిపోయింది' అని. అక్షరమ్ముక్క రాని ముసలమ్మలు కూడా ఆ చేతుల్ని గడగడా చదివేస్తారు.

ఊరి పెద్దరికం చేసే, అందరూ 'నానా' అని పిలిచే రాణమ్మ పోషణలో నడిచే బృందంలో పద్నాలుగు మంది ఆడేవాళ్ళున్నారు. అందరిలోకీ చక్కగా ఆడేది ఫోరివా. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, కుమాసీలో నేర్చుకుని వచ్చింది, గీత గీసినట్టు అడుగు వేస్తుంది. ఫోరివా ఆడితే జనం "ఎంత బాగా ఆడిందో" అనుకునేవారు. చెరెవా ఆడితే ఆట గురించి ఒక్కరూ మాట్లాడేవారు కారు. "అయ్యో తల్లీ" అని కళ్ళు తుడుచుకునేవారు. ఒకసారి ఫోరివా ఉండబట్టలేక పెద్ద డప్పు వాయించే అడాదే తాతను నిలదీసింది.

"తాతా, నేను ఒక్క అడుగన్నా తప్పానా?"

"లేదే తల్లీ. తప్పినా బాగుండు."

"మరి ఆ అరటికాయల పెద్దమ్మ సగం అడుగులు మింగేస్తుందిగా. అందరూ అటే చూస్తారేం?"

డెబ్బై దాటిన అడాదే డప్పు తోలు మీద అరచెయ్యి ఆనించాడు. "నువ్వు ఆడతావు. అది వస్తుంది."

"ఎక్కడికి?"

"ఎక్కడికో కాదే, ఎక్కణ్ణించో. పొయ్యి దగ్గర చూశా, అక్కడ లేదు. ఇంటికెళ్ళి చూశా, అక్కడా లేదు. డప్పు మోగితే మాత్రం వచ్చి నిలబడుతుంది. అది నేర్పితే వచ్చేది కాదు, నన్ను విసిగించకు."

ముసలాడు సరిగ్గానే చెప్పాడు. వారానికి ఒక్క మధ్యాహ్నం, అదీ ఎవరో ఒకరు చస్తే, చెరెవా ఈ లోకంలో ఉండేది. మిగతా రోజులు ఆ మధ్యాహ్నం కోసం కాచుకుని ఉండేది. బృందం వాళ్ళిచ్చిన ఎర్ర అంచు నల్లబట్టను మడిచి తలకింద పెట్టుకుని పడుకునేది. ఆ బట్ట పోతే తను లేనట్టేనని ఆమెకు బాగా తెలుసు.

ఆ బట్ట కట్టుకున్నవాళ్ళకు ఒక కట్టుబాటుంది. బరిలో 'భార్య సైగ' ఒకటి చేస్తారు: రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా వేసుకుని, ఆపైన అరచేతులు ముందుకు చాచడం. 'నన్నెవరి చేతిలో పెట్టి పోయావయ్యా' అని దానర్థం. పిలిస్తే వచ్చి ఆడే బృందం మనిషి ఆ సైగను పోయినవాడి పెళ్ళాం వైపు తిరిగి చెయ్యాలి. అమ్మా, నీ మాట నీ తరఫున నేనంటున్నాను అని చెప్పడమన్న మాట. శవం వైపు తిరిగి ఆ సైగ చేసే హక్కు సొంత మనిషికే ఉంది. బృందంలో చేరిన మొదటి రోజే నేర్పే పాఠం ఇది. చెరెవా నలభై ఏళ్ళలో ఎన్నడూ తప్పలేదు.

క్వాచే పోయినప్పుడు తప్పింది.

క్వాచే కోకో గింజలు తూచే గుమాస్తా. నోట్లో మాట నోట్లోనే ఉంచుకునే రకం. తూకం దగ్గర రైతులు గోల పెట్టినా ముల్లు వైపు వేలు చూపించేవాడు గాని నోరు విప్పేవాడు కాడు. రంగురంగుల కెంటే నేత బట్ట కప్పి ఇత్తడి మంచం మీద పడుకోబెట్టారు. ఎడమ పక్క బెంచీ మీద ఆయన భార్య టివా కూర్చుంది, కళ్ళు పొడిగా. పెత్తనమంతా ఆయన చెల్లెలు పోకువాది. మాలో మగవాడు తల్లి వంశానికి చెందుతాడు కదా, పెళ్ళాం ఎన్నేళ్ళు కాపురం చేసినా చావు రోజున పక్క బెంచీ మనిషే.

చెరెవా వంతు వచ్చింది. చెప్పులు విడిచి, డప్పులకు దణ్ణం పెట్టి దిగింది. తల మీద చేతులు పెట్టుకుంది, కడుపు పట్టుకుంది, అంతా మామూలుగానే జరిగింది. ఒక చుట్టు తిరిగేసరికి మంచం మీది ముఖం కళ్ళబడింది. పదకొండేళ్ళు రోజూ సాయంత్రం పొయ్యి ముందు ఆగిన ముఖం అది. "రెండు. బాగా కాలినవి." రోజూ ఆ మాటే, ఇంకో మాట లేదు. ఒకే ఒక్కసారి, హర్మట్టన్ గాలికి దుమ్ము రేగుతున్న రోజుల్లో, జ్వరంతో వణుకుతూ ఆమె పొట్లం కడుతుంటే ఆయన ముఖంలోకి చూసి, "నీకు ఒంట్లో బాగాలేదు. ఇంటికెళ్ళు చెరెవా" అన్నాడు. పేరు పెట్టి పిలిచాడు. ఆమె పొయ్యి ఆర్పేసి ఇంటికెళ్ళి పడుకుంది. ఇద్దరి మధ్యా జరిగింది అంతే, ఇంకేమీ లేదు.

చేతులు గుండెల మీదికి వెళ్ళాయి, ఆ తరువాత ముందుకు చాచుకున్నాయి. డప్పు ఆగిపోయాక గాని ఆమెకు తెలియలేదు, తను టివాకు వీపు పెట్టి శవం వైపు తిరిగి ఉందని. అడాదే కర్రలు గాలిలోనే ఉన్నాయి. కొందరు ఆడవాళ్ళు అప్పటికే ఏడుస్తున్నారు, ఏడుస్తూనే ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు.

పోకువా లేచి నిలబడింది.

"ఓహో! మా అన్నయ్యకి ఇద్దరు పెళ్ళాలా! ఒకావిడ కంట్లో తడే లేదు, ఇంకొకావిడ ఏకంగా ఆయన్నే నిలదీస్తోంది!"

"నేను... అది కాదమ్మా... డప్పు..." అంది చెరెవా. బరిలో లేనప్పుడు ఆమె మాట ఆమెకే వినబడేది కాదు.

మా వాళ్ళ నోళ్ళకు ఇంకేం కావాలి? నలభయ్యో రోజు కార్యం లోపల ఊరంతా కలిసి ఆ ఇద్దరికీ ఒక సంసారం కట్టేసింది. రెండు కాయలకి అంతసేపు నిలబడతాడా అన్నారొకరు. తూకం కొట్టుకి వెనక గుమ్మం ఎందుకుందో ఇప్పుడర్థమైందన్నారు ఇంకొకరు. అది ఆయన పుట్టకముందు కట్టిన కొట్టు, అయినా మాకు అడ్డమేముంది! కాయలు అక్కర్లేని ఆడవాళ్ళు కూడా పొయ్యి దగ్గరికి వచ్చి ఆమెను ఎగాదిగా చూసి పోయారు. ఎండ వాలకముందే గంప ఖాళీ అయ్యేది. "ఎలా ఉన్నావే చెరెవా?" అని అడిగిందొకామె. ఆ మాట విని చాలా ఏళ్ళయింది. ఆమెకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా ఆ సిగ్గు అడుగున ఏదో సంతోషం లాంటిది కదిలింది, అందుకు ఇంకా సిగ్గుపడింది.

రాణమ్మ దగ్గర విచారణ సోమవారమని చెప్పడానికి అడాదే వచ్చాడు. పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"చూడు, అంతా మాట్లాడి పెట్టా. నువ్వు ఒక్క మాటంటే చాలు. 'అది ఆటే నానా, పొరపాటున అటు తిరిగాను' అను. ఒక సారా సీసా, నాలుగు గుడ్లు పెట్టి తప్పు ఒప్పుకుంటాం. బట్ట నీ దగ్గరే ఉంటుంది."

"అనకపోతే?"

"బట్ట తీసేసుకుంటారు. బతికినన్నాళ్ళూ బరిలో కాలు పెట్టనివ్వరు. సొంత ఏడుపు తెచ్చి ఊరి ఆటలో కలిపావని."

"ఆటే అనాలా?"

"ఆటే కదా మరి!" అని ముసలాడు విసుక్కున్నాడు. ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "అనేసెయ్యవే. నువ్వు లేకపోతే నాకు కర్ర పట్టబుద్ధి కాదు."

సోమవారం పొద్దున్నే ఆమె ఇంకా బొగ్గులు రాజేస్తుండగా టివా వచ్చింది, నల్లబట్ట తల మీదుగా కప్పుకుని. టివా తిట్టలేదు. పక్కనున్న బోర్లించిన డబ్బా మీద కూర్చుంది.

"ఆయన ఏ పక్కకి తిరిగి పడుకునేవాడు?"

చెరెవా తల దించుకుని పొయ్యిలో బొగ్గులు సర్దింది.

"గురక పెట్టేవాడా?"

"నాకు తెలీదమ్మా."

"మరి నీతో ఏం మాట్లాడేవాడు?"

"రెండు, బాగా కాలినవి, అనేవాడు."

"ఇంకా?"

"జ్వరమొస్తే ఒకసారి ఇంటికెళ్ళమన్నాడు. పేరు పెట్టి పిలిచాడు."

టివా ఇంకేమన్నా చెబుతుందేమోనని చూసింది. "అంతేనా? పదకొండేళ్ళకా?"

"అంతేనమ్మా."

టివా నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "ఆ రెండోది నాకే. రోజూ తెచ్చి బల్ల మీద పెట్టేవాడు, తినమని కూడా అనేవాడు కాదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నా దగ్గరున్నదీ ఇంతకంటే ఎక్కువేం కాదులే." పొయ్యి వంక చూస్తూ అడిగింది. "నువ్వు ఆడుతుంటే నాకు కోపం రాలేదు, కుళ్ళొచ్చింది. నాకు రాని కన్నీళ్ళు నీకెక్కణ్ణించి వచ్చాయే?"

చెరెవా మాటలు వెతుక్కుని చెప్పింది. "నా పేరు తెలిసినాయన పోయాడనిపించింది."

"ఊరందరికీ తెలుసు నీ పేరు."

"తెలుసు. పిలవరు."

టివా లేచి బట్ట సర్దుకుని వెళ్ళిపోయింది.

విచారణ రాణమ్మ ఇంటి లోపలి వాకిట్లో జరిగింది. ఆవిడ పీట మీద కూర్చుంది, పక్కన వెండి కర్ర పట్టుకుని ఆవిడ మాట నలుగురికీ వినిపించే పెద్దమనిషి. పోకువా చెప్పాల్సింది చెప్పింది, చెప్పక్కర్లేనిది ఇంకా ఎక్కువ చెప్పింది. అడాదే లేచి భుజం మీది బట్ట దించి, మర్యాదగా మొదలుపెట్టాడు.

"నానా, ఆ సైగ ఫోరివా వారం వారం చేస్తుంది. ఏ వారమన్నా ఎవరన్నా దాన్ని అడిగారా?"

"ఫోరివా చేస్తే ఎవరు నమ్ముతారు తాతా?" అంది పోకువా. "శవం ముందు కూడా పళ్ళన్నీ కనబడతాయి దానికి. అది ఏ వైపు తిరిగితే ఎవడికి పట్టింది! ఈవిడ చేస్తే నేనే నమ్మా, మా అన్నయ్య ఎంత మొద్దో తెలిసిన దాన్ని!"

వాకిట్లో అందరూ నవ్వారు. రాణమ్మ కూడా పెదవి బిగించుకుంది. నవ్వు సర్దుకున్నాక ఆవిడ నేరుగా చెరెవానే అడిగింది. పక్కనున్న పెద్దమనిషిని కూడా మాట అందుకోనివ్వలేదు. అది కావాలని చూపించిన దయ.

"అది ఆటే కదా చెరెవా?"

ఔనంటే చాలు. అడాదే తల ఊపుతున్నాడు, అనమని. చెరెవా నోరు తెరిచింది. అది ఆటే అయితే, అంతకు ముందు శనివారాలన్నీ ఆటే. బిడ్డ పోయిన తల్లి కోసం కడుపు పట్టుకున్నదీ ఆటే, తల్లి పోయిన పిల్లల కోసం నేల మీద కూలబడ్డదీ ఆటే. నలభై ఏళ్ళుగా తను అక్కడ లేనట్టే. బరిలోనైనా ఉన్నానన్న ఒక్క నమ్మకమూ పోతే ఇక ఆమెకు మిగిలేదేమిటి? ఇదొకటే కారణమని నేను బుకాయించను. ఇంకొకటి కూడా ఉంది. ఎవరికో ఒకరికి తను ఏదో ఒకటి అయి ఉంటే బాగుండునని ఆమెకు ప్రాణం కొట్టుకుంది.

"కాదు నానా. ఆట కాదు."

"అయితే ఆ మనిషి నీవాడా?"

"అవును" అంది చెరెవా.

బరి బయట ఆమె గొంతు అంత స్పష్టంగా వినబడటం అదే మొదటిసారి. పచ్చి అబద్ధం. అది అబద్ధమని ఆ వాకిట్లో ముగ్గురికి తెలుసు: ఆమెకు, అడాదేకు, టివాకు. పోకువా చప్పట్లు చరిచి, "విన్నారా? విన్నారుగా!" అంటోంది. రాణమ్మ టివా వైపు తిరిగింది.

"నీకు తెలుసా ఈ సంగతి?"

టివా ఒక్క ముక్క అంటే చెరెవా ఊరి ముందు పిచ్చిది అయ్యేది. టివా ఆమె వంక చూసింది.

"తెలుసు నానా. ఏడాది కార్యానికి ఆమె నా పక్కన కూర్చుంటుంది. ఆ బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చోలేను."

పోకువా చప్పట్లు ఆపేసి కూలబడింది.

బట్ట ఆ రోజే తీసేసుకున్నారు. మడత విప్పకుండా ఇచ్చేసింది. గుమ్మం దాటాక అడాదే చెయ్యి పట్టి ఆపాడు. "ఎందుకే అబద్ధమాడావు? బట్ట పోగొట్టుకుని ఏం మిగిలిందే నీకు?" అని తిట్టాడు. ఆమె చెయ్యి విడిపించుకుని నడిచింది. ముసలాడు ఆ తరువాత నెలల తరబడి ఆమెతో మాట్లాడలేదు, పొయ్యి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాడు.

మూడు నెలలు గడిచాయి. ఊళ్ళో ఎవరిదో మేకల తగువు పెద్దదైంది, ఎవరి కూతురో లేచిపోయింది. జనానికి చెరెవా పాతబడిపోయింది. మళ్ళీ పొట్లం వంకే చూడటం మొదలుపెట్టారు. శనివారాలు డప్పు వినబడేది. ఆమె పొయ్యి ముందే కూర్చుని, పీట కింద పాదం కదులుతుంటే దాని మీద రెండో పాదం వేసి తొక్కి పట్టేది. ఏడవాలనిపించేది. దేనికని ఏడవాలో తెలిసేది కాదు, ఎందుకంటే పోయినదానికి పేరు లేదు. టివా ఒకటి రెండుసార్లు వచ్చి రెండు కాయలు కొనుక్కుని వెళ్ళింది. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఏడాది కార్యం రోజు టివా మనిషిని పంపింది, చావింటి చుట్టాలు కట్టుకునే ఎర్రబట్ట కూడా పంపింది. చెరెవా కట్టుకుని వెళ్ళి బెంచీ మీద ఆమె పక్కన కూర్చుంది. డప్పులు మొదలయ్యాయి. ఫోరివా బరిలోకి దిగింది, ఒక్క అడుగు తప్పకుండా. చెరెవా మోకాలు బట్ట కింద ఎగిరింది. టివా ముందుకే చూస్తూ ఆ మోకాలి మీద చెయ్యి వేసి అదిమింది.

"ఊరుకో. ఇవాళ మనం ఏడ్చేవాళ్ళం."

అప్పుడే పరామర్శకు వచ్చినవాళ్ళు వరస కట్టారు. వచ్చినవాళ్ళు బెంచీ మీది చుట్టాలందరికీ కుడి నుంచి మొదలుపెట్టి చేతులు కలుపుతూ పోవడం మా పద్ధతి. ఆడటానికి పిలిచినవాళ్ళకు ఎవరూ చెయ్యివ్వరు, వాళ్ళు చావింటికి చుట్టాలు కారు గనక. టివా చెయ్యి వదిలిన మొదటి మనిషి, ఎవరో లారీ యజమాని, చెరెవా ముందు ఆగాడు. ఆమె ఏం చెయ్యాలో తెలియక చూసింది. ఆయనే ఆమె చెయ్యి అందుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"డుయే చెరెవా, డుయే" అన్నాడు, అయ్యో పాపమని.

ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ఊరు ఊరంతా ఆ చెయ్యి పట్టుకుని, ముఖంలోకి చూసి, పేరు పెట్టి చెప్పి వెళ్ళింది.

సాయంత్రం చుట్టాలతో పాటు ఆమెకూ గిన్నెలో పులుసు, ఫుఫూ ముద్ద పెట్టి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు తెచ్చారు. చెరెవా నీళ్ళ గిన్నె వంక చూసింది. ఆకలిగా లేదని చెప్పి లేచింది. కుడి చెయ్యి బట్టలో చుట్టుకుని, ఎవరికీ తగలకుండా నడుచుకుంటూ తన గదికి వెళ్ళిపోయింది.